గేటు పడ్డాక

అయినా ఈ గేటు తీసేస్తే బాపు చిన్నాయినతో ఎక్కడ మాట్లాడతాడు, చేతిలో రైల్వే ప్లాను పెట్టుకుని ఇదేం ఆలోచన, చిట్యాల వైపు నుంచి సిమెంటు గూడ్సు వస్తోంది, చలికాలపు ఎండ పట్టాల మీద మత్తుగా పడుకుంది, రెండో లైను పడితే ఇక్కడ గేటుండదు, కింది నుంచి అండర్‌పాస్, దాని గీత గీసేది నేనే, సొంతూరి గేటును నా చేతే తీయించాలని ఏ దేవుడికి బుద్ధి పుట్టిందో, ప్రేమ్‌సాగర్, అవ్వకు దమ్ము జర తగ్గిందని చెప్పు, అంటున్నాడు బాపు గేట్‌మన్‌తో, మూరెడు దూరంలో ఉన్న తమ్ముడి వైపు చూడకుండా, చిన్నాయిన కూడా ప్రేమ్‌సాగర్‌తోనే, గోలీలు ఏసుకుంటాందా అడుగు, యాడ ఏసుకుంటది, ఉమ్మేస్తాందని చెప్పు, పాపం ప్రేమ్‌సాగర్ అటోసారి ఇటోసారి తలూపుతాడు, బోరు దగ్గర మాటామాటా పెరిగిన నాటి నుంచి చిన్నాయిన మా గడప తొక్కలేదు, అవ్వ మాత్రం చిన్నకొడుకేం తిన్నాడో బాపునే అడుగుతుంది.

కానీ పోయిన వానకాలం అవ్వను దవాఖానకు తీసుకుపోతుంటే అంబులెన్సు ఈ గేటు దగ్గరే ఆగిపోయింది, వ్యాగను వెనక వ్యాగను, ఎంతకీ అయిపోవు, అవ్వ ఊపిరి అందక నా కొంగు పట్టుకుంది, ఆ రైలును రెండు చేతులా నెట్టేయాలనిపించింది, కాబట్టి అండర్‌పాస్ రావాలి, వచ్చి తీరాలి, మరి ఈ దిగులెందుకు, స్వరూపా, ఈ గేటు ఏ టైముకు పడుతుంది, అని నాతో సర్వేకు వచ్చిన మా ఆఫీసరు సుహాసిని మేడం అడుగుతోంది, గూడ్సుకు టైమెక్కడిది మేడం, అన్నాను.

అన్నాక నా మాట నాకే అడ్డం తిరిగింది, టైము లేని బండికి వీళ్ళిద్దరూ రోజూ ఎలా చిక్కుతారు, గేటు పడే గంట మా ఇంటికి వినబడుతుంది, అప్పటిదాకా చాయ్ ముందు తీరిగ్గా కూర్చున్న బాపు గంట వినగానే చెప్పులేసుకుంటాడు, ఇప్పుడు పోతే ఆగాల్సిందే గద బాపూ, అని నేనంటే, పోనియ్ బిడ్డా, అంటుంది అవ్వ మంచంలోంచి, అవ్వకు తెలుసు, గంట చిన్నాయిన ఇంటికీ వినబడుతుంది, చివరి వ్యాగను పోయింది, గేటు లేచింది, ఆటోలు కదిలాయి, బాపు బండి స్టార్టు చేయలేదు, చిన్నాయినా చేయలేదు, వీళ్ళను గేటు ఆపడం లేదు, ఆగడానికే వీళ్ళు వస్తున్నారు, గీత గీస్తాను, కానీ ఇక్కడ తవ్వకం మొదలయ్యేలోపు చిన్నాయినను అవ్వ మంచం దాకా నేనే తీసుకుపోవాలి.