నాలుగు దేశాలు, ఒక లేత్ మిషన్

పోశం కాక మా లేత్ మిషన్‌ను ఇనుప బర్రె అనేవాడు. గనిలో షిఫ్టు దిగి, మొహాన బొగ్గు మసితోనే మా షెడ్డు ముందు ఆగి, "ఇయ్యాల ఎన్ని శేర్లు ఇచ్చిందిరా మీ బర్రె?" అని అడిగి తనే నవ్వేవాడు.

గోదావరిఖనిలో ఆ షెడ్డు నాదీ, ఆయన కొడుకు రాజందీ. తొంభై ఒకటిలో ఇద్దరం కలిసి ఒక పాత లేత్ కొన్నాం. రైస్ మిల్లులకు, నీళ్ల మోటార్లకు షాఫ్టులు, బుష్‌లు చేసేవాళ్లం. నేను తిరిగి పని తెచ్చేవాణ్ని, రాజం చేసేవాడు. నాకు కొలత పెట్టి చూస్తే గానీ తెలియనిది అతనికి మిషన్ చప్పుడు వింటే తెలిసేది.

తొంభై మూడు ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి ఒక సర్వే సారు వచ్చాడు. మన దేశం, టర్కీ, బ్రెజిల్, ఇండోనేషియా, ఈ నాలుగింటిలో చిన్న వర్క్‌షాపులు ఎట్లా పెరుగుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అని పోల్చి రాయడం ఆయన పని. రాజం చేసిన షాఫ్టును వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. టర్కీలో అచ్చం మాలాంటి ఇద్దరు దోస్తులు ఒక్క లేత్‌తో మొదలుపెట్టారనీ, ఇప్పుడు వాళ్ల దగ్గర నలభై మంది పని చేస్తున్నారనీ చెప్పాడు. ఆ రోజు రాజం అన్నం గిన్నె విప్పలేదు. సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, రెండో మిషన్ ఎక్కడ, మూడోది ఎక్కడ అని సాయంత్రం దాకా నాకు చూపించాడు.

అదే సంవత్సరం కాక మనసులో ఇంకోటి నడుస్తోంది. అప్పట్లో గని పనివాళ్లలో ఎవరైనా జబ్బుతోనో దెబ్బతోనో పనికి రాడని డాక్టర్లు తేలిస్తే ఆ కొలువు కొడుక్కి వచ్చేది. రిటైరు కావడానికి కనీసం రెండేళ్లు మిగిలి ఉండాలి, అంతే. కాకకు రెండేళ్ల నాలుగు నెలలే మిగిలాయి. మనిషి చూస్తే రాయిలా ఉన్నాడు. పక్క క్వార్టర్ల పిల్లలందరూ ఒక్కొక్కరే తండ్రుల కొలువుల్లోకి ఎక్కుతుంటే, మీవాడికి ఎప్పుడని అందరూ అడుగుతున్నారని రాజం తల్లి సారవ్వ చిన్నమ్మ రోజూ ఇంట్లో పోరుపెట్టేది.

"నాకు కొలువు వద్దు నాయినా. నాకు పనున్నది" అన్నాడు రాజం.

"ఇదేం పనిరా. కరెంటు పోతె పండుకునే బర్రె" అన్నాడు కాక. ముగ్గురం నవ్వుకున్నాం.

ఒకనాడు రాజం ఇనుము కోసం మంచిర్యాల పోయినప్పుడు కాక ఒక్కడే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి చాపి వేళ్లు చూసుకున్నాడు.

"కరీం బిడ్డా, బొటనవేలొక్కటే ఉంటె చెమ్మసు పట్టస్తదా?"

చెమ్మసు అంటే బొగ్గు ఎత్తే పార. నేను మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు.

"యాడ పట్టస్తది కాకా. ఇంట్ల కూసునుడే."

"గంతేనంటవా" అని లేచి పోయాడు. మళ్లీ ఏదో వేళాకోళం అనుకున్నాను.

పన్నెండో రోజున బొగ్గుబాయిలో, పట్టాల మీద నడిచే రెండు టబ్బుల నడుమ ఆయన కుడిచెయ్యి పడింది. టబ్బులు కలపడం ఆయన పని కాదు. ముప్పై ఏళ్లలో పోశం ఎన్నడూ వాటి దగ్గరికి పోలేదని తోటివాళ్లు దవాఖాన వరండాలో మెల్లగా అనుకున్నారు. డాక్టర్లు నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

రాజం తండ్రి మంచం పక్కన గోడకేసి తిరిగి నిలబడ్డాడు. కాక గొంతు ఎప్పటిలాగే ఉంది.

"నేనిచ్చేది ఇచ్చిన కొడుకా. ఇగ నువ్వు కాదంటె గీ చెయ్యి ఉత్తగనే పోయినట్టు."

రాజం మర్నాడు షెడ్డుకు వచ్చి, సగంలో ఉన్న షాఫ్టు పూర్తి చేశాడు. మిషన్ తుడిచి నూనె రాశాడు. నేల మీద మిగిలిన సుద్దగీతలను చెప్పు కాలితో చెరిపేశాడు. అప్పుడు నేను ఆపాల్సింది. ఆపాలంటే ముందు ఆ బొటనవేలి సంగతి చెప్పాలి. చెప్పలేకపోయాను. ఇప్పటిదాకా చెప్పలేదు.

డాక్టర్లు కాకను పనికి రాడని తేల్చారు. తొంభై నాలుగులో రాజం బాయి దిగాడు, అదే బొగ్గు ఎత్తే పనికి. నేను ఇంకో ఇద్దరిని పెట్టుకుని చూశాను. కొలత తప్పిన షాఫ్టులు తిరిగి వచ్చాయి, తర్వాత మిల్లుల వాళ్లు రావడమే మానేశారు.

ఆ మరుసటేడు సర్వే సారు మళ్లీ వచ్చాడు. లేత్ మీద గోనెపట్టా కప్పి ఉంది. కాక ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతి మీద తువ్వాల వేసుకుని. పని ఎందుకు ఆగిందో రాసుకోవడానికి సారు కాగితం మీద నాలుగు గడులు ఉన్నాయి: పెట్టుబడి, కరెంటు, గిరాకీ, పనివాళ్లు. కొలువు సంగతి అంతా చెప్పాను. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు విన్నాడు. చివరికి దీనికి గడి లేదని, పనివాళ్ల కొరత దగ్గర టిక్కు పెట్టాడు.

"సారూ, గా టర్కీల తండ్రి కొలువు కొడుక్కి ఇస్తరా?" అని అడిగాడు కాక.

"లేదండీ. అక్కడ అలాంటిది నేను చూడలేదు."

కాక మళ్లీ అడిగాడు.

"మరి గాడ తండ్రులేమిస్తరు?"

సారు కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. కాక లేచి, కుడిచేతికి మిగిలిన ఆ ఒక్క వేలితో గోనెపట్టా అంచు ఎత్తి చూశాడు. లోపల తుప్పు పట్టడం మొదలైంది.

"బర్రె వట్టిపోయింది" అని మళ్లీ కప్పాడు.