ట్యాంకులో చుక్క మిగలకూడదు

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఎవరైనా ముందు సామాను సంగతి చూసుకుంటారు. మన దర్జీ మాస్టారికి మాత్రం చమురు బెంగ పట్టుకుంది. ఇంటిని వెచ్చగా ఉంచే బాయిలరుకి చమురు అందించే పాత ట్యాంకు పెరట్లో ఉంది. దాన్ని పీకించేస్తున్నామనీ, తాళాలిచ్చేలోగా అందులో చుక్క మిగలకూడదనీ, ఖాళీ చేయించే పూచీ అద్దెకున్నవాళ్ళదేననీ ఓనరమ్మ ముందే చెప్పింది. తాళాలివ్వాల్సింది రేపు సాయంత్రం. ట్యాంకులు ఖాళీ చేసే మనిషి "రేపు పొద్దున్నే వస్తాలెండి" అన్నాడు కూడా. అక్కడితో ఊరుకుంటే ఆయన దర్జీ మాస్టారెందుకవుతాడు? అడిగిన రోజుకంటే ముందే కోటు కుట్టి ఇచ్చి, కుట్టించుకున్నవాళ్ళు ఈలోగా లావెక్కితే తిట్లు తినే రకం. ఇవాళే రమ్మని ఫోన్ల మీద ఫోన్లు చేసి ఆ మనిషి ప్రాణం తీశాడు.

"మామయ్య ఇంకా ఇక్కడే ఉంటారు కదండీ, చలికి తట్టుకోలేరు" అంది భార్య.

"మధ్యాహ్నానికల్లా కొత్తింట్లో ఉంటాం. నువ్వు ఊరికే కంగారుపడకు" అన్నాడు, తన కంగారు తనకి కనపడక.

పరుపులు, దుప్పట్లు, గుడ్డల మూటలతో పాటు ఆవిడ సామాను వ్యానులో మొదటి విడతలో వెళ్ళిపోయింది. వ్యాను తిరిగొచ్చి మాస్టారి తండ్రిని, ఆ ముసలాయన్ని, మంచంతో సహా ఎక్కించుకోవాలి. ఆయన లేచి కూర్చోలేడు. ఇప్పుడు చెప్పింది ఇంకాసేపటికి గుర్తుండదు.

ట్యాంకు మనిషి వచ్చి చమురంతా తోడేసి, పెరట్లో పంపు ఆపేసరికి ఫోనొచ్చింది. వ్యాను దారిలో చెడిపోయిందట. మెకానిక్ ఎప్పుడొస్తాడో తెలీదట. బయట మంచు మొదలైంది. గొట్టం చుట్టుకుంటున్న మనిషి దగ్గరికి మాస్టారు పరిగెత్తాడు.

"బాబ్బాబు, కాస్త చమురు వెనక్కి పోసెయ్యి. నాన్న లోపలున్నాడు."

"అడుగున ఉన్న మడ్డంతా కలిసిపోయింది మాస్టారూ. పోస్తే బాయిలర్ పట్టేస్తుంది. ఆయన్ని నేనే తీసుకెళ్దామన్నా, పడుకోబెట్టడానికి నా బండిలో చోటేదీ?" అన్నాడతను. పాపం, ఏం చెయ్యలేక వెళ్ళిపోయాడు.

పక్కింటికి తాళం. ఎదురింటికీ తాళమే. ఓనరమ్మకి ఫోన్ చేస్తే, "రేపటిదాకా టైముంది కదండీ, ఇవాళే ఎవరు తియ్యమన్నారు?" అంది. ఎవరూ అనలేదు. ఆయన ఫోను పెట్టేశాడు.

లోపలికొచ్చి చొక్కా మీది స్వెట్టరు, కోటు విప్పి తండ్రి మీద కప్పాడు. అవి నడుం దాకా వచ్చాయి. ఊరందరికీ చలికోట్లు కుట్టిన మనిషికి, ఆ కాళ్ళ మీద కప్పడానికి గదులన్నీ వెతికినా గుడ్డ ముక్క దొరకలేదు. చివరికి ఆ పాదాల్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

ముసలాయన మంచం పక్కన, బాయిలరుతో వేడెక్కే ఇనప హీటరు మీద చెయ్యి పెట్టాడు.

"ఇదేంట్రా, చల్లగా ఉందీ?"

"చమురు తీయించేశాను నాన్నా. ఇల్లు మారుతున్నాం. బండి వచ్చేస్తుంది."

"ఓహో, అలాగా" అన్నాడాయన. కాసేపటికి మళ్ళీ చెయ్యి పెట్టి మళ్ళీ అదే అడిగాడు. కొడుకు మళ్ళీ చెప్పాడు. ఎన్నిసార్లని చెప్తాడు? ఒకసారి విసుక్కున్నాడు కూడా. "చెప్పాను కదా నాన్నా!"

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చలికి గడ్డం వణుకుతోంది. దొంగతనం చేసి పట్టుబడిన పిల్లాడి గొంతుతో అడిగాడు.

"నేనేమైనా అన్నానా నాయనా? నా మీద కోపమొచ్చి ఆర్పేశావా?"

"అయ్యో, లేదు నాన్నా..."

"రాత్రుళ్ళు నిన్ను పిలవనులే. నీళ్ళు కూడా అడగను. కాస్త వెయ్యరా."

ఈ మనిషికి ఇంకేం చెప్పినా ఎక్కదు. మాస్టారు లేచి గోడ దగ్గరికెళ్ళి, తండ్రికి వినపడేలా హీటరు స్విచ్చి గట్టిగా నొక్కాడు. పెరట్లో బోసి ట్యాంకు, ఇక్కడ ఉత్త చప్పుడు.

"వేశాను నాన్నా."

ముసలాయన చేతిని ఆ చల్లటి ఇనుము మీద పెట్టాడు. కొడుకు మొహం వంక భయంభయంగా చూశాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఆ... ఇప్పుడు వెచ్చగా ఉందిరా" అన్నాడు, కొడుక్కి మళ్ళీ కోపం రాకుండా.