ఓస్వాల్డో చూసిన నక్షత్రం

ఓస్వాల్డో పలకరింపుతోనే ఎలియానాకి అనుమానం మొదలైంది. శాంటియాగోలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు, ఇప్పుడు ఎల్కీ లోయ పైన ఒకే కొండ మీద, ఒకే టెలిస్కోప్ దగ్గర పనిచేస్తున్నవాడు. ఈమధ్య ఎదురుపడితే చాలు, ఒకటే ప్రశ్న.

"ఏం తల్లీ, నీ నక్షత్రం ఎలా ఉంది?"

"బానే ఉంది. నీకెందుకు?"

"అబ్బో, అడగడం కూడా తప్పేనా?"

తప్పే మరి. ఆ నక్షత్రాన్ని ఆమె ఏళ్ల తరబడి కాపలా కాస్తోంది. దాని చుట్టూ గురుగ్రహమంత భారీ గ్రహం ఒకటి, మాడిపోయేంత దగ్గరగా తిరుగుతోందని ఆమె నమ్మకం. అది కంటికి కనిపించదు. నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు పిసరంత తగ్గుతుంది, అంతే. ఆ తగ్గడాన్ని రెండుసార్లు పట్టుకుంది. ఇంకొక్కసారి పట్టుకుంటే లోకం నమ్ముతుంది. ఈలోగా వేరెవరైనా ప్రకటిస్తే గ్రహం వాళ్ళదైపోతుంది.

ఒకరోజు ఆమె గదిలోకి అడుగుపెట్టగానే ఓస్వాల్డో కంప్యూటర్ కట్టేశాడు. మర్నాడు టెలిస్కోప్ సమయం పంచే ఆవిడతో గుసగుసలాడుతూ, ఈమెను చూసి గప్‌చుప్ అయిపోయాడు. ఇంకేం కావాలి?

ఎవరు ఏ నక్షత్రాన్ని చూస్తారో ముందుగా అందరికీ కనిపించేలా పట్టికలో పెట్టాలి. దొంగలంటే భయమున్నవాళ్ళు అక్కడ తప్పు స్థానం రాసి, సాయంత్రం టెలిస్కోప్ తిప్పే మనిషి చెవిలో అసలుది చెప్తారు. ఈ సంగతి కొండ మీద అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు. ఎలియానా కూడా పక్కనే ఉన్న ఊరూపేరూ లేని నక్షత్రం స్థానం రాసిపెట్టి, చెల్లెల్ని చూసి రావడానికి లోయలోకి దిగింది.

ఆ రాత్రే కుంభవృష్టి. కొండచరియ విరిగి బురద రోడ్డు మీద పడింది, ఫోన్లు పోయాయి. మర్నాటికి ఆకాశం కడిగినట్టు తేటపడింది కానీ రోడ్డు తెరవలేదు. ఆ రాత్రికున్న తన వంతు పోయిందని ఆమె ఏడ్చింది. తను లేనప్పుడు ఓస్వాల్డో ఏం చేస్తున్నాడోనని ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఆ మర్నాడు ఎలాగో పైకి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. భోజనశాలలో రాత్రంతా పనిచేసి అప్పుడే నిద్రలేచినవాళ్ళు రొట్టె మీద అవకాడో పూసుకుంటున్నారు. ఓస్వాల్డో లేచి ఆమెకి కుర్చీ జరిపాడు.

"నీకు రాత్రి రెండో సగమే ఇచ్చారుగా, గ్రహం అడ్డురావడం అంతకుముందే మొదలవుతుందన్నావు. అందుకని నా సగం కూడా నీకిప్పించాను. ఆఖర్న చెప్పి ఆటపట్టిద్దామనుకున్నా. నువ్వు రాలేకపోతే నేనే కూర్చున్నాను."

ఎలియానా కుర్చీలో కూర్చోలేదు. "ఏం చూశావు?"

"పట్టికలో నువ్వు రాసిపెట్టిందే. రాత్రంతా." అతను గొంతు తగ్గించాడు. "వెలుగు ఏమాత్రం తగ్గలేదు. గ్రహం లేదు ఎలియానా. ఎవరికీ చెప్పలేదు, నువ్వే చెప్పుకుంటావని."

అబద్ధమాడుతున్నాడనే అనుకుంది ముందు. కంప్యూటర్ తెప్పించి చూసింది. కొలతలు చక్కగా, ఓపిగ్గా తీసి ఉన్నాయి. తను రాసిన తప్పుడు స్థానానివే.

నోరు మూసుకుంటే చాలు. ఇక ఓస్వాల్డో ఆ వైపు తొంగిచూడడు, అడిగినవాళ్ళకి కూడా అక్కడ ఏమీ లేదనే చెప్తాడు. వచ్చే ఏడాది మళ్ళీ వంతు రాగానే తీరిగ్గా తన గ్రహాన్ని తను పట్టుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు చూసింది నా నక్షత్రం కాదు. తప్పు స్థానం రాశాను."

"పొరపాటునా?"

"కాదు. నువ్వు చూస్తావని."

ఓస్వాల్డో చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. ఆమె గబగబా అసలు స్థానం చెప్పబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"నాకు చెప్పకు. రేపు ఇంకెవరైనా దాన్ని కనిపెడితే, మళ్ళీ నన్నే అనుమానిస్తావు."

కప్పు తీసుకుని వెళ్ళి వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు.