జిగురుగాళ్లు కట్టిన ఇల్లు

ఆ వీధిలో ఎవరి కడుపు పండినా పొద్దున్నే జిగురుగాళ్లు పనికి దిగుతారు. నువ్వుగింజంత మనుషులు. గోడ పగుల్లోంచి వరసగా వచ్చి, బొడ్డు దగ్గర లోపలికి దూరి, బిడ్డ తలలో గుంజలు పాతి, వాటి మీద పాకుతూ తీగలు లాగి సాయంత్రానికి బయటికొస్తారు. గడప మీద చిటికెడు పంచదార పెడితే చాలు. మేస్త్రీ పెళ్లాం కూడా మొగుడికి కారేజీ సర్ది, వాళ్లు రాగానే నడుం వాల్చేది. పదేళ్లకి నిలిచిన కడుపు మరి.

మేస్త్రీ సంగతి అందరికీ తెలిసిందే. స్లాబు ఆరకముందే కింది గుంజలు పీకించి ఇంకో సైటుకి తోలేస్తాడు. ఇంతవరకూ ఏదీ కూలలేదు, అదే ఆ మహానుభావుడి ధైర్యం.

ఆమెకి ఏడో నెలలో, మేస్త్రీ కడుతున్న కొత్తింటి యజమాని తొందరగా కానిమ్మని నెత్తిమీద కూర్చున్నాడు. కూలీలేమో చెప్పాపెట్టకుండా పోయారు.

"నీవాళ్లని వారం నాకియ్యవే. తల ఎప్పుడో అయిపోయుంటుంది" అన్నాడు మేస్త్రీ.

"అయ్యో, ఇంకా తీగలకి తొడుగులే చుట్టలేదంట! వాళ్లు ఎక్కడ చుడితే అక్కడే పెద్దాళ్లయి ఉండిపోతారంట, ఇక కదలరంట. నర్సమ్మ చెప్పింది."

"కూలోళ్లన్నాక సైటు మారరా? పుట్టాక వచ్చి చుడతార్లే. నాకే పని నేర్పుతావా?"

ఆ సాయంత్రం గడప మీది పంచదార తుడిచేసి కారేజీ గిన్నెలో పోశాడు. పాపం, పొద్దంతా ఒళ్లొంచినవాళ్లు గిన్నెలోకి దిగారు. మూత బిగించి తీసుకెళ్లి కొత్తింటి గోడల్లోని వైరు గొట్టాల్లో వదిలాడు. మర్నాడు ఆమె బొడ్డు మీద చెయ్యేసుకుని మధ్యాహ్నందాకా గోడ వైపే చూసింది. ఒక్కడూ రాలేదు.

ఇల్లు మాత్రం దివ్యంగా లేచింది. యజమాని అడుగుల చప్పుడుకే దీపాలు వెలిగేవి. పిల్లలు పడబోతే మెట్టు పక్కకి జరిగేది. "ఏం పనితనమయ్యా!" అని మేస్త్రీకి ఇంకో రెండిళ్లు అప్పజెప్పారు.

ఆడపిల్ల పుట్టింది. బంగారుబొమ్మ. మూడేళ్లొచ్చినా ఎవర్నీ గుర్తుపట్టదు, మాట లేదు. పొద్దున వేడి గిన్నె ముట్టుకుంటే ఏడుపు సాయంత్రానికొస్తుంది.

"నువ్వు పంచదార సరిగ్గా పెట్టుండవు" అనేశాడు మేస్త్రీ, తల దువ్వుకుంటూ.

అప్పట్నుంచి ఆమె పిల్లని చంకనేసుకుని రోజూ ఆ ఇంటికెళ్లేది. గోడ కింద పంచదార పోసి బతిమాలేది. "రండ్రా నాన్నా, మీకు దణ్ణం పెడతాను." ఒక్కడూ బయటికి రాలేదు. ఓ రోజు ఆమె ఏడుస్తూ గోడకి చెంప ఆనించింది. గోడ వెచ్చబడింది.

"అమ్మా" అంది ఇల్లు.

ఇంటావిడ విసుగ్గా బయటికొచ్చింది. "ఇంక రాకమ్మా తల్లీ. నువ్వెళ్లాక రాత్రంతా ఇల్లు ఒకటే ఏడుపు, గోడలన్నీ చెమ్మెక్కుతున్నాయి" అని గేటు వేసేసింది.

ఆమె ఇంటిదారి పట్టింది. వెనక ఇల్లు అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉంది. చంకలో పిల్ల, పొద్దున కాలిన చేతికి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.