కళ్ళు తెరవని తిమింగలం

ఒంటికి కొబ్బరినూనె పట్టించుకుని, పైన పాత నిండుచేతుల చొక్కా తొడుక్కుని, ఓబళప్ప తిమింగలం నోట్లోకి దూరాడు. నూనె రాసుకోకపోతే ఫైబర్ దుమ్ము చర్మంలోకి దిగుతుంది, రాత్రంతా గీరుకుంటూ కూర్చోవాలి. బెంగళూరు పీణ్యలో ఆ బొమ్మల షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్ళూ మొదట నేర్చుకునే సంగతి అదే. లోపలి దవడ మీద ఎమరీ కాగితం ఆడుతుంటే తెల్లపొడి అతని కనుబొమల మీదా మీసాల మీదా వాలుతోంది. ఆరడుగుల బక్క మనిషి, సగానికి వంగితే గానీ లోపల పట్టలేదు. కుడి బొటనవేలి గోరు రెజిన్ జిగురు తగిలి తగిలి పసుపుకొమ్ములా అయిపోయింది.

"ఏమన్నా, మింగేసిందా నిన్ను?" బయట తోక రుద్దుతున్న కళ్యాణి కేకేసింది.

"నన్ను మింగితే దానికే అరగదులేమ్మా!"

ఓబళప్పది మడకశిర పక్క. పెళ్ళయిన కొత్తలో బెంగళూరొచ్చి వినాయకుళ్ళకు రంగులేశాడు, ఆ తర్వాత ఫైబర్ పనిలోకి మారాడు. పిల్లల పార్కులో రాక్షసబల్లి, చేపల హోటలు వాకిట్లో ఎర్రపీత, పెళ్ళి మంటపాల ముందు ఏనుగులు, ఇలా అతని చేతిమీదుగా పోయినవి ఊరంతా ఉన్నాయి. వేటి మీదా అతని పేరు లేదు. పేరెందుకు? బస్సులో పోతూ ఎవరైనా కిటికీలోంచి వేలు చూపించి "అబ్బ, ఎంత బాగుండాది!" అన్నారా, అడగకపోయినా సరే, "మనమే చేసినామప్పా" అని చెప్పాల్సిందే. గర్వమంటారా? గర్వమే మరి. చెయ్యి తిరిగినవాడికి ఆ మాత్రం లేకపోతే ఎలా?

ఒక్క విషయంలో మాత్రం మొండి. ఏ బొమ్మకైనా కళ్ళు చివరన దిద్దాలి, అతనే దిద్దాలి, దిద్దేటప్పుడు బొమ్మ ఎదుట అద్దం పట్టాలి. కళ్ళు తెరిచిన బొమ్మ తొలిచూపు వాడిగా ఉంటుంది, మనిషి మీద పడకూడదు, అద్దంలో దాని మొహం మీదే పడాలి. "దేవుళ్ళకు చేసేది పీతకెందుకన్నా?" అని కొత్తవాళ్ళు నవ్వితే, "కండ్లు పెడితే సూడదా?" అంటాడు, అంతే. వినాయకుళ్ళ కాలంలో ఆ అద్దం పట్టింది అతని భార్య సత్యభామ. చెక్క చట్రమంతా రంగు మరకలతో అదే అద్దం ఇప్పుడు షెడ్డు గోడకు మేకున వేలాడుతోంది.

ఈ తిమింగలం కుందాపుర దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టు గేటుకి. అక్కడ అడుగుపెడితే సముద్రం అడుగుకు పోయినట్టుండాలని వాళ్ళ సరదా. గదులు శంఖాలు, మంచాలు ఆల్చిప్పలు, టీబల్ల మీదికి చేతులు చాచిన ఆక్టోపస్. అన్నీ ఓబళప్ప అచ్చుల్లో పుట్టినవే. బిగించడానికి పోయినప్పుడల్లా అతని పడక మాత్రం వెనక జనరేటర్ పక్కనున్న రేకుల కింద. ఈసారి అక్కడి మేనేజరు, తిమింగలం నిలబెట్టాక భార్యతో వచ్చి రెండు రాత్రులు డబ్బేమీ కట్టకుండా ఉండి పొమ్మన్నాడు. రేపే ప్రయాణం. సత్యభామ సముద్రం చూడలేదు. మొగుడు చేసిన మంచమూ చూడలేదు. ఆమెను ఆ ఆల్చిప్పలో కూర్చోబెట్టి, కిటికీ తెరిచి, "అదో, సూడు" అనాలి. ఓబళప్పకు ఈ మధ్య ఉన్న కోరికల్లా అదొక్కటే.

మధ్యాహ్నం సంగటి ముద్దల దగ్గర షెడ్డంతా అదే ముచ్చట.

"బాగుంటాదా అన్నా ఆడ?" కళ్యాణి అడిగింది.

"బాగలేకేం? తలుపు తీస్తే సముద్రం. టిఫినుకు ఎన్నిసార్లు పోయినా ఇంగ సాలు అనేవాడుండడు. దీపాలు పెట్టినాక సూడల్ల, నా ఆక్టోపస్ బతికొచ్చినట్లుంటాది."

"మరి బాగలేనిది?"

"అబ్బో! ఉప్పుగాలికి ఒళ్ళంతా జిగట. మంచం గుండ్రంగా ఉండల్లని పట్టుబట్టి చేయించినారు, నా అట్లాటోడు కాళ్ళు సాపితే బయటికొస్తాయి. పొద్దున్నే చేప వేషం కట్టుకోని ఒగడు తోక ఊపుకుంటా దండం పెడతాడు. సంగటి అడిగితే నగుతారు."

"రెండు దినాలు సంగటి లేకుంటే సచ్చిపోవులే, పోయిరాపో," అన్నాడు షెడ్డు యజమాని వెంకటేశప్ప. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు.

ఓబళప్ప నవ్వలేదు. అసలు భయం అప్పటిదాకా కడుపులోనే దాచుకున్నాడు. "అది కాదప్పా. ఆడుండేవాళ్ళందరికీ నేను బిగించే పనోడిగానే తెలుసు. పెండ్లాన్ని ఎంటబెట్టుకోని పోయినాక, మమ్మల్ని అన్నం మేజా కాడ కూసోబెట్టకుండా ఎనక రేకుల కిందికి పొమ్మంటే? ఇన్నేండ్లూ ఆమె కాడ గొప్పలు సెప్పిన నోరు ఇది."

చేయి కడుక్కుని ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమే, ఇంగోసారి ఆలోచన చేద్దామా?"

"చీరకు ఫాల్ కూడా కుట్టించినాక ఆలోచనేంది?" సత్యభామ గొంతు అవతల గిన్నెల చప్పుడు మధ్యలోంచి ఖంగుమంది. "మంచీ చెడ్డా పోయొచ్చినాక మాట్లాడుకుందాం. నువ్వు చేసిన మంచంలో నువ్వు పండుకుంటే లేపే మొగోడు ఎవుడో, నన్ను పిలువు."

అంతే. ఓబళప్ప మొహం తేటపడింది. సాయంత్రందాకా ఈల వేస్తూనే పనిచేశాడు.

నీలం ఆరాక, కళ్ళ వంతు వచ్చింది. నీలం డబ్బాకు మూత బిగించి, అలవాటు కొద్దీ మేకున ఉన్న అద్దం తీసి తుడిచాడు. కళ్యాణి చేయి చాచింది. ఏమనుకున్నాడో, ఆగి మళ్ళీ గోడకే తగిలించేశాడు.

"ఇప్పుడొద్దులేమ్మా. దాని ఇల్లు సముద్రం కదా, తొలిచూపు దాని ఇంటి మీదనే పడనీ. రేపు ఆడనే తెరుస్తా. మీ వదిన కూడా అద్దం మోసే పనిలేకుండా పక్కన నిలబడి సూస్తాది."

"ఇదేం పిచ్చప్పా నీకు!" అన్నాడు వెంకటేశప్ప. అని, కళ్ళకు కట్టడానికి పసుపుగుడ్డ తనే వెతికి తెచ్చాడు.

ఎక్కించడం అయిపోయి, లారీ కదిలింది. కళ్ళకు గంతలు కట్టుకుని తిమింగలం పీణ్య రోడ్డు మీదికి తిరిగేసరికి టీకొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు, ఒక ఆటో అతను బండాపి ఫోటో తీసుకున్నాడు. "మనదే అప్పా!" అని గేటులోంచి ఓబళప్ప అరిచాడు. తర్వాత వచ్చి గోడకు ఆనుకుని, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. గుడ్డలో చుట్టిన కుంచె ఒళ్ళో ఉంది.

కళ్యాణి టీ తెచ్చింది. "అన్నా," అంది. ఇంకోసారి అంది. లారీ పోయిన వైపే చూస్తున్నాడు గానీ, ఆ చూపులో మనిషి లేడు. పెదవుల మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమె టీ గ్లాసు కిందపెట్టి, అతని పాదాల దగ్గర కూలబడి ఏడ్చింది. గుండె ఆగిందన్నారు ఆసుపత్రిలో.

కర్మలు అయిపోయాయి. రిసార్టు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వాళ్ళే బిగించుకున్న తిమింగలం గేటు దగ్గర గంతలతోనే నిలబడి ఉందట, వచ్చేవాళ్ళు అడుగుతున్నారట, తమ పెయింటరు చేత కళ్ళు వేయించుకోమంటారా అట. రెండు రోజులు ఆగమన్నాడు వెంకటేశప్ప. ఆ మర్నాడే సత్యభామ షెడ్డుకొచ్చింది, ఫాల్ కుట్టించిన కొత్తచీరలో.

"ఆయన కుంచె ఇయ్యప్పా."

"నీకు చాతనవుతాదా వదినా?"

"అన్నేండ్లు అద్దం పట్టుకోని నిలబడినా. చెయ్యి యాడ మొదలుపెడతాడో, యాడ ఊపిరి బిగబడతాడో నాకు తెలీదా?" కళ్ళు తుడుచుకుని చేయి చాచింది. "ఇంకొకరు దిద్దేదానికి లేదు. ఆయన బొమ్మ అది."

కళ్యాణి పరుగున పోయి అద్దం దించబోయింది. సత్యభామ వద్దంది. "అద్దమెందుకే? సముద్రముండాది కదా." చెల్లెలిని తోడు తీసుకుని బస్సెక్కింది.

రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అందరూ వినాలని వెంకటేశప్ప ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాడు.

"తెరిసినాప్పా. ఎడమకన్ను రవ్వంత పెద్దదయింది, ఆయనుంటే తిట్టేటోడు. అయినా సముద్రాన్ని ఎట్ల సూస్తాండాదో వచ్చి సూడండి! అందరూ గుంపుగూడి ఎవరు చేసినారని అడిగిరి. మా ఆయన అని చెప్పినా, గట్టిగా చెప్పినా."

"అన్నం కాడ?" వెంకటేశప్ప ఫోన్ మీదికి వంగాడు. "యాడ కూసోబెట్టినారమ్మా?"

"నడిమధ్య మేజా. ఆక్టోపస్ కిందనే."

కళ్యాణి కొంగుతో మొహం ఒత్తుకుని, "మంచం ఎట్లుండాది వదినా?" అని అడిగింది.

"ఆయన చెప్పిందంతా నిజమే. ఒళ్ళు జిగట, సంగటి లేదు, ఆ చేపోడు దండం పెడితే జడుసుకున్యా. మంచం మాత్రం నాకు సరిగ్గా సరిపాయ." ఆమె వెనక అలలు విరిగిన చప్పుడు. "పక్కన ఇంగొకరికి చోటుండాది, ఆయన కాళ్ళే బయటికొచ్చేవి."

ఫోన్ పెట్టేశాక ఎవరి పనిలోకి వాళ్ళు పోయారు. గోడన అద్దం మేకుకే ఉంది, చట్రం కింది మూల ఆ సాయంత్రం ఓబళప్ప దాన్ని తగిలించినప్పుడు అంటిన నీలంరంగు బొటనవేలి ముద్రతో.