పాత గానుగ నుంచి నూరు మీటర్లు

దోన్యా ఎలోదియా కొట్టు గోడకి బస్సు కంపెనీ మనిషి కాగితం అంటించి పోయాడు. నేను ఉప్పు కోసం వెళ్లి, కాగితం చదివి, ఉప్పు మరిచిపోయి ఇంటికి వచ్చాను.

కాగితంలో ఉన్నది ఇది. కింద తురియాల్బా పట్నం నుంచి మా ఆల్తో ఊరి దాకా ఇన్నాళ్లూ బస్సుకి ఒకటే ఛార్జీ. ఇకనుంచి ఎనిమిది కిలోమీటర్లు దాటిన స్టాపులకు రెండో మెట్టు ఛార్జీ, అంటే ఇంకా ఎక్కువ, వసూలు చేసుకోనివ్వమని కంపెనీ రాజధానిలోని ఛార్జీల సంస్థకు అర్జీ పెట్టుకుంది. మా ఆఖరి స్టాపు ఎనిమిది కిలోమీటర్ల రెండు వందల మీటర్ల దగ్గర ఉందట. అభ్యంతరం ఉన్నవాళ్లు శనివారం మధ్యాహ్నం బడి హాలులో బహిరంగ విచారణకు వచ్చి చెప్పుకోవచ్చు.

దానికి ముందు స్టాపు వంతెన దగ్గర. అక్కడికి రెండు కిలోమీటర్లు, అంతా దిగుడు. దిగితే మళ్లీ ఎక్కాలి. నా మోకాళ్లు ఒప్పుకోవు.

తురియాల్బా మార్కెట్లో నాకు కత్తులు సాన పెట్టే దుకాణం ఉంది. దుకాణమంటే ఒక బల్ల, ఒక సాన చక్రం, ఒక బల్బు. రోజూ దిగాలి, రోజూ ఎక్కాలి. రెండో మెట్టు పడితే మాంసం కొట్లవాళ్ల కత్తుల మీద వచ్చేది బస్సుకే పోతుంది. బల్ల వదులుకోవాలి. నా భార్య ఎర్మిదా పోయాక ఇంట్లో కూర్చుని నేను చేసేది ఏమీ లేదు. ఉన్నది ఆ బల్లే.

మర్నాడు ఉప్పు కోసం మళ్లీ వెళ్తే ఎలోదియా అంది, "ఇంకో రెండేళ్లు ఓపిక పట్టండి దోన్ ఒనోరియో. అరవై ఐదు నిండితే ముసలాళ్లకి బస్సు ఊరికేనే కదా."

"ఆ రెండేళ్లూ నువ్వు తిండి పెడతావా?"

"పెట్టినా తిని వంక పెడతారు. నాకెందుకొచ్చిన గోల?"

ఇందులో ఇంకో సంగతి ఉంది. అది ఆమెకి చెప్పలేదు.

మా ఊళ్లో వీధులకు పేర్లు లేవు, ఇళ్లకు నంబర్లు లేవు. అందరికీ తెలిసిన ఒక గుర్తు చెప్పి, అక్కణ్ణించి ఇన్ని మీటర్లు అంటాం. ఆ గుర్తు ఎప్పుడో కూలిపోయినా సరే, దానితోనే చెప్తాం. నూరు మీటర్లంటే నూరు కాదు, పక్క గేటు దాకా అని. కంపెనీకి మొదట ఇచ్చిన అనుమతి పత్రంలో కూడా అలాగే రాసి ఉంది. ఆఖరి స్టాపు, చెరకు గానుగ నుంచి నూరు మీటర్లు పైకి.

గానుగ మూతబడి ముప్పై ఏడేళ్లు. పొయ్యి, బెల్లం పెనాలు ఉన్న జాగా దోన్ క్లియోఫాస్ కాఫీ తోటలో కలిసిపోయింది. చెరకు పిండే ఇనుప రోలర్లు మాత్రం మా నాన్న కొని మా గేటు పక్కన పడేశాడు. అవి అక్కడే తుప్పు పట్టాయి. అప్పట్నుంచీ నేను మా గేటునే పాత గానుగ అంటాను. క్లియోఫాస్ తన తోటనే అంటాడు. రెండిటికీ మధ్య మూడు వందల మీటర్లు, తోట కింద, మా గేటు పైన. ఇవి నిజం మీటర్లు.

కిందటేడు కంపెనీ మనిషి వచ్చి, పాత గానుగ ఎక్కడ పెద్దాయనా అని అడిగాడు. మా గేటు చూపించాను. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. క్లియోఫాస్‌ని అడగకుండా నన్ను అడిగాడని ఆ రోజు నాకు సంతోషంగా కూడా ఉంది. కాగితంలో ఉన్న దూరం ఆ గేటుని పట్టి కొలిచిందే.

క్లియోఫాస్‌తో నాకు మాటల్లేక పదకొండేళ్లు. ఎర్మిదా పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనకి ఫాదర్ వెన్సెస్లావో రావాలి. పాత గానుగ దగ్గర, నీలం గేటు అని నేనే కబురు పంపాను. ఆయన జీపులో వచ్చి, దారిలో క్లియోఫాస్‌ని అడిగాడు పాత గానుగ ఎక్కడని. వీడు తన తోట చూపించాడు. ఆ తోట దగ్గర కూడా ఒక నీలం గేటు ఉంది, సెగూరా వాళ్లది. బయట వాన. సెగూరా వాళ్లు కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, మొక్కజొన్న రొట్టె పెట్టారు. ఫాదర్ గంటసేపు కూర్చుని, ఇంతకీ చనిపోయింది ఎవరమ్మా అని అడిగాడట. మా ఇంటికి వచ్చేసరికి ప్రార్థన అయిపోయింది, వచ్చినవాళ్లు గొడుగులు వెతుక్కుంటున్నారు. కావాలనే చేశాడని క్లియోఫాస్‌ని అందరి ముందూ అన్నాను. అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

విచారణ రోజు హాలు నిండింది. రాజధాని నుంచి వచ్చినామె పేరు గ్రెట్టెల్. నలభై ఉంటాయి, బురద అంటిన బూట్లు. ఆమె పక్కన కంపెనీ లాయరు, మెడకి టై. మొదటి గంట ఊళ్లో వాళ్లు ఛార్జీ తప్ప అన్నీ మాట్లాడారు. అయిదింటి బస్సు రావడం లేదని ఒకడు. పైకప్పు కారుతోందని ఒకడు. డ్రైవరు తన మరదలి ఇంటి ముందు పావుగంట ఆపుతాడని సెగూరా ఇంటావిడ.

"అయిదింటి బస్సు సంగతి మా చేతిలో లేదు," అంది గ్రెట్టెల్. "వేళలు, దారి, స్టాపులు, అనుమతులు రవాణా మండలి చూసుకుంటుంది."

"పైకప్పో?"

"అదీ వాళ్లే."

"మరదలు?"

"అది డ్రైవరే చూసుకోవాలి."

హాలంతా నవ్వింది. ఎలోదియా లేచింది. "మరి మీ చేతిలో ఏముందమ్మా? ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

"ఛార్జీ ఉంది."

"అంతేనా?"

"అంతే. కానీ అది పూర్తిగా మాదే. మేం చెప్పినదానికంటే ఒక్క కొలోన్ ఎక్కువ తీసుకున్నా కంపెనీకి జరిమానా వేస్తాం. వాళ్ల లెక్కల పుస్తకాలు తెప్పించుకుంటాం. డీజిల్ ఎంత తాగిందో, టైర్లు ఎన్ని మార్చారో చూస్తాం. అడిగింది ఇవ్వచ్చు, సగం ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. వాళ్లు పెంచమని వచ్చినా, లెక్క అలా తేలితే తగ్గించచ్చు కూడా."

లాయరు టై సర్దుకున్నాడు.

"అయితే వద్దని రాసెయ్యండి, మాకు భారం."

"భారం అనేది అభిప్రాయం అమ్మా. రాసుకుంటాను. లెక్కలో తప్పు చూపిస్తే అది అభ్యంతరం. దానికి నేను జవాబు చెప్పి తీరాలి."

నేను లేచాను. దూరం తప్పు అన్నాను. ఆఖరి స్టాపు ఎనిమిది కిలోమీటర్ల లోపలే ఉంది, పాత గానుగని తప్పు చోట పెట్టి కొలిచారు అన్నాను.

లాయరు ఫైలు తిరగేసి ఒక కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "గానుగ ఎక్కడుందో చూపించింది ఈ ఊరి పెద్దమనిషే మేడమ్. ఒనోరియో కెసాదా. సంతకం కూడా ఉంది. మీరేనా అండీ?"

ఇంత నవ్వు ఆ బడిలో పిల్లల రోజుల్లో కూడా విని ఉండరు. వెనకనుంచి ఎవరో అన్నారు, "దోన్ ఒనోరియో కత్తికి దోన్ ఒనోరియో చెయ్యే తెగింది!"

"నేనే," అన్నాను. "తప్పు చూపించాను."

గ్రెట్టెల్ నవ్వలేదు. "గానుగ ఎక్కడుండేదో తేల్చే అధికారం నాకు లేదు. స్టాపుని జరిపే అధికారమూ లేదు. అనుమతి పత్రంలో ఏం రాసి ఉందో చదివి, దూరం కొలిచి, ఛార్జీ కట్టడం వరకే. గానుగలో పనిచేసినవాళ్లు ఇద్దరు ఒకే చోటు చూపించి ప్రమాణం మీద సంతకం పెడితే, మంగళవారం వచ్చి నేనే కొలుస్తాను. ఇద్దరున్నారా?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. గానుగలో పనిచేసినవాళ్లలో బతికున్నది మేమిద్దరమే. క్లియోఫాస్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. అతనికి డెబ్బై. అతనికి బస్సు ఊరికేనే.

ఆదివారం పూజ అయ్యాక అతని ఇంటికి వెళ్లాను. అతను అరుగు మీద కూర్చుని బీన్స్ ఒలుస్తున్నాడు. తలెత్తలేదు.

"పదకొండేళ్లకి దారి తెలిసిందా? పాత గానుగ నుంచి ఎన్ని మీటర్లు నడిచావు?"

"మూడు వందలు. కిందికి."

"ఓహో. కిందికి దిగావన్నమాట." గిన్నెలోకి గింజలు రాల్చాడు. "నాకు ఇందులో ఏమొస్తుంది? నాకు టిక్కెట్టే లేదు. రోజూ ఊరికే తిరుగుతాను. కావాలంటే పనామా సరిహద్దు దాకా పోతాను."

"నీకేం రాదు."

"నిజం చెప్పావు. సరే, ఇంకో నిజం చెప్పు. ఫాదర్ వెన్సెస్లావో దారి తప్పింది ఎవరి వల్ల?"

అతను ఇంకో కాయ ఒలిచాడు. ఆ కాయలో ఐదు గింజలున్నాయి.

"నా వల్లే," అన్నాను.

"గట్టిగా చెప్పవయ్యా. మా ఆవిడ వంటింట్లో ఉంది, దానికి చెవుడు."

"నా వల్లే! గానుగ నీ తోటలోనే ఉండేది. నేనే తప్పు గుర్తు పంపాను."

లోపల్నుంచి దోన్యా మినేర్బా కేక వేసింది. "నాకు చెవుడేం లేదు! ఆయన మాట నమ్మకండి. వచ్చి కూర్చోండి దోన్ ఒనోరియో, బెల్లం నీళ్లు కాగుతున్నాయి."

వేడి బెల్లం నీళ్లు, పెద్ద జున్ను ముక్క పెట్టింది. ఎర్మిదా కూడా బెల్లం నీళ్లలో జున్ను ముంచుకుని తినేది. నాకు నచ్చదు. ఆ రోజు ముంచుకుని తిన్నాను. బాగానే ఉంది.

మంగళవారం గ్రెట్టెల్ ఇద్దరు మనుషులతో, కొలత చక్రంతో వచ్చింది, వెంట కంపెనీ లాయరు. తురియాల్బా స్టాండు నుంచి పొద్దున్నే కొలుచుకుంటూ వచ్చారు. కాఫీ మొక్కల మధ్య క్లియోఫాస్ ఒక చోట కాలితో తన్ని, ఇక్కడ పొయ్యి నోరు అన్నాడు. నేను రెండు అడుగులు పక్కకి జరిగి, కాదు ఇక్కడ అన్నాను.

"మళ్లీ మొదలు!" అన్నాడు క్లియోఫాస్. "మేడమ్, వీడు చచ్చాక కూడా సమాధి రెండడుగులు పక్కకి జరపమంటాడు."

"నువ్వు చెరకు మోసేవాడివి. పొయ్యిలో పిప్పి ఎగదోసింది నేను. నోరు ఎక్కడుందో నాకు తెలీదా?"

లాయరు ముఖం వెలిగింది. "చూశారా మేడమ్, వీళ్లిద్దరికీ పడటం లేదు."

"తవ్వండి," అంది గ్రెట్టెల్.

తవ్వారు. మోకాటి లోతున బూడిద తగిలింది, నల్లగా, అడుగు మందాన. దాని పక్కన కాలిన ఇటుకలు రెండు వరసలు. పొయ్యి నోరు నేను చెప్పిన చోటే ఉంది. పొయ్యి మాత్రం క్లియోఫాస్ తోటలోనే ఉంది. అతను వంగి ఒక ఇటుక తీసి చేత్తో తుడిచాడు. ఆ పొయ్యి దగ్గరే మొదటిసారి ఎర్మిదా నా చేతిలో వేడి పాకం పోసింది, అరటాకు మీద. చెయ్యి కాలింది. నేను కాలలేదన్నాను. ఆ సంగతి ఇటుక పట్టుకున్నవాడికి తెలుసు. చూశాడు అప్పుడు.

సంతకాలు పెట్టాం. ఇంక నూరు మీటర్లు మిగిలాయి.

"మేడమ్," అన్నాడు క్లియోఫాస్, "మా దగ్గర నూరు మీటర్లంటే ఆ గేటు దాకా. అది డెబ్బై ఉంటుంది అంతే. కలిసొస్తుంది కదా, అలా రాసుకోండి."

"నూరంటే నూరే దోన్ క్లియోఫాస్. నా చక్రానికి మీ ఊరి భాష రాదు."

చక్రం గేటు దాటి పైకి పోయింది. మేమిద్దరం దాని వెనకే నడిచాం. మినేర్బా, ఎలోదియా, సెగూరా వాళ్లు, అందరూ వెనకే. జెండా ఒక్కటే తక్కువ. చక్రం ఆగింది. గ్రెట్టెల్ వంగి చూసి, కంపెనీ లాయరుని కూడా చూడమంది. ఏడు వేల తొమ్మిది వందల పన్నెండు మీటర్లు.

ఎవరో ఈల వేశారు. "ఉత్తర్వు రావడానికి నలభై రోజులు పడుతుంది," అంది గ్రెట్టెల్. "ఇప్పుడే ఈలలు వెయ్యకండి." మినేర్బా ఆమె చేతిలో జున్ను పొట్లం పెట్టబోయింది. పనిమీద వచ్చినప్పుడు తీసుకోకూడదని ఆమె తిరిగి ఇచ్చేసింది. లాయరు తీసుకున్నాడు.

ముప్పై ఎనిమిదో రోజున ఉత్తర్వు వచ్చింది. రెండో మెట్టు అర్జీ తోసిపుచ్చారు. ఊరంతటికీ ఒకటే ఛార్జీ. డీజిల్ పెరిగినందుకు పదిహేను కొలోన్‌లు మాత్రం పెంచారు. కంపెనీ మళ్లీ పరిశీలించమని రాసింది. ఉన్న ఉత్తర్వే ఖాయమని సంస్థ రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. ఆ రెండు వాక్యాలూ బస్సులో డ్రైవరు వెనక అంటించారు. అతను మరదలి ఇంటి ముందు ఆపినప్పుడల్లా చదువుకుంటాను. అయిదింటి బస్సు ఇంకా రావడం లేదు. దాని గురించి రవాణా మండలికి ఎలోదియా ఉత్తరాలు రాస్తోంది.

నా బల్ల నాకుంది. కిందటి గురువారం పది గంటలకు మార్కెట్లోకి క్లియోఫాస్ వచ్చాడు, తోట నరికే పొడుగు కత్తి గోనెలో చుట్టుకుని. బల్ల మీద పెట్టాడు. అంచు నిండా నొక్కులు.

"దీనితో రాళ్లు కొట్టావా?"

"ఇటుకలు. పొయ్యి పూర్తిగా బయటికి తీస్తున్నాను. ఎంత?"

చెప్పాను.

"అన్యాయం. సంతకం పెట్టినవాణ్ణి, నా దగ్గర సగం తీసుకో."

"సగానికి సగమే పదును పెడతాను. మొన వైపా, పిడి వైపా?"

"ఛార్జీల సంస్థకి రాస్తాను నీ మీద."

"రాయి. కత్తులు వాళ్ల చేతిలో లేవు."

గొణుక్కుంటూ పూర్తి డబ్బు బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బస్సు పన్నెండింటికి. నేను చక్రం తిప్పి, పిడి వైపు నుంచి మొదలుపెట్టాను.