ఎస్టేటువాళ్ళ ఎద్దు

ఒచోలాను చీకట్లో కొట్టలేదు, చాటున కొట్టలేదు. చక్కెర మిల్లు గేటు ముందు, మిట్టమధ్యాహ్నం, చెరకు నరికే కూలీలంతా చూస్తుండగా కొట్టారు. వాడు చేసిన నేరం ట్రాక్టరు మీంచి ఒక గడ లాక్కోవడం. ఎస్టేటు కాపలాదార్ల మేస్త్రీ కర్ర విరిగేదాకా కొట్టి, ఆ తర్వాత బూటుకాలికి పని చెప్పాడు. చూస్తున్నవాళ్ళందరి చేతుల్లోనూ కత్తులున్నాయి. ఒక్క చెయ్యీ లేవలేదు. రేపు పనిలోకి రానివ్వరన్న భయం మనిషిని అలా చేస్తుంది.

కబురంది తల్లి నెరియా అవతలి చేలోంచి పరుగెత్తుకొచ్చేసరికి కొడుకు కళ్ళు తెరిచే ఉన్నాయి, ప్రాణం లేదు.

విక్టోరియా సరస్సు దాపునున్న ఆ చెరకు సీమలో చావింటికి ఊళ్ళకు ఊళ్ళే కదిలివస్తాయి. వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టకపోతే ఆ ఇంటికి పరువుండదు. నెరియా ఇంట్లో పిండి కూడా లేదు. భర్త ఎప్పుడో పోయాడు. ఇక మగదిక్కంటే మరిది అబ్సాలోమే. మర్నాడు అతని వాకిట్లో ఎస్టేటు లారీలోంచి కొమ్ములు తిరిగిన ఎద్దు దిగింది. అబ్సాలోము తాడు అందుకున్నాడు.

నెరియా కొడుకు శవపెట్టె పక్కన నేలమీద కూర్చుని ఉంది. పొరుగింటి తురుఫేనా మొక్కజొన్న ముద్ద, మాంసం తెచ్చి నోటికందించింది.

"తినవే. ఏడవడానికైనా ఒంట్లో సత్తువుండాలిగా."

నెరియా తిన్నది. ఎక్కడిదని అడగలేదు. కొడుకు పెట్టెలో ఉన్నప్పుడు కూర ఎక్కడిదని ఏ తల్లి అడుగుతుంది?

ఆ తర్వాత ఆమె స్టేషను చుట్టూ తిరిగింది, కోర్టు చుట్టూ తిరిగింది. వాయిదా మీద వాయిదా. చూసినవాళ్ళలో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. చివరికి బోనెక్కిన రోజున ఎస్టేటు వకీలు చావు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"నీ కొడుకు దినాలకి ఎస్టేటువాళ్ళు ఎద్దునిచ్చారు. అవునా?"

కోర్టు గుమాస్తా ఆ మాట ఆమెకి వాళ్ళ లువో భాషలో చెప్పాడు.

"ఎవరిచ్చారో నాకు తెలీదయ్యా."

"దాని మాంసం తిన్నావా?"

నెరియా చూపు మరిది మీదికి పోయింది. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని కూర్చున్నాడు అబ్సాలోము. అప్పుడర్థమైంది ఆమెకి. ఆ రోజు తను తిన్నది ఎవరి ఎద్దునో. అబద్ధమాడటం చేతకాలేదు.

"తిన్నాను."

"చూశారుగా, దొరగారూ. పశువు పుచ్చుకుంటే తగువు తెగినట్టే. వీళ్ళ ఆచారమే అది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం, ఏం చేస్తాం."

కోర్టులో నవ్వులు. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. రాజీ అయిందో లేదో వచ్చే వాయిదాకి తేల్చుకు రమ్మన్నాడు. పిలిచినప్పుడు తల్లి పలక్కపోతే రాజీ అయినట్టే రాసుకుంటానన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక తురుఫేనా వాకిట్లో కూలీలంతా చేరారు.

"నీకు బుద్ధుందా అబ్సాలోమూ? చంపినోడి చేతి ఎద్దుని కట్టేస్తావా?" అంది తురుఫేనా.

"నలుగురికీ కూడెక్కడిదే? నువ్వు పెట్టావా? లొట్టలేసుకుంటూ తిన్నప్పుడు ఎక్కడిదని అడిగావా?"

తిననివాడు అక్కడ ఒక్కడూ లేడు.

"నా చేత తినిపించారు," అంది నెరియా. "నా కొడుకుని నా చేతే తినిపించారు. ఇంకెందుకు కోర్టు? పొండి."

ఎవరూ పోలేదు. ముసలి కూలీ ఒగుటు అన్నాడు.

"పశువుతో తెగిన తగువు పశువుతోనే మళ్ళీ తెరుచుకోవాలి. ఎద్దుని తిరిగిచ్చేద్దాం."

"ఎక్కడుందయ్యా ఎద్దు, ఈ పేటలో?"

ఉంది. అబ్సాలోముదే, ఒకే ఒక్క దుక్కిటెద్దు. ఆ సంగతి అందరికీ తెలుసు. అబ్సాలోమే అన్నాడు.

"అది పోతే నా పిల్లలేం తింటారు, వదినా?"

"నీ చేను మేం తవ్వుతాం," అంది తురుఫేనా. "ఆడవాళ్ళమంతా పారలు పట్టుకొస్తాం. తిన్నది మేం కూడా కదా."

అబ్సాలోము లేచి వెళ్ళి తాడు విప్పాడు.

వాయిదా రోజు ఆ ఎద్దు ముందు నడిచింది, పేటంతా వెనక నడిచింది. ఆ రోజు చెరకు నరికేవాడే లేక చేలు బోసిపోయాయి. కోర్టు గేటు దగ్గర పోలీసులు అడ్డొచ్చేలోపే అబ్సాలోము ఎద్దుని తోలుకెళ్ళి ఎస్టేటు కారుకి కట్టేశాడు. వకీలు మండిపడుతూ బయటికొచ్చాడు.

"ఏంటీ అల్లరి?"

"మీ ఎద్దు మీకు ముట్టింది," అంది నెరియా. "ఇక నా కొడుకు సంగతి చెప్పు."

వకీలు ఇన్‌స్పెక్టరుతో ఏదో గొణిగాడు. ఇద్దరు పోలీసులు నెరియాను రెక్క పుచ్చుకుని వ్యాను ఎక్కించారు. వాళ్ళ ఎత్తు ఆమెకు తెలిసింది. లోపల పిలుపవుతుంది, పలికేవాళ్ళుండరు, కేసు పోతుంది. ఆమె ఊచలు పట్టుకుని అరిచింది. ఇంజను చప్పుడులో ఆ గొంతు కలిసిపోయింది.

తురుఫేనా వెళ్ళి వ్యాను ముందు చతికిలబడింది. ఆమె పక్కన ఒగుటు, అతని పక్కన మిల్లు గేటు దగ్గర కత్తులు పట్టుకుని ఊరకే నిలబడ్డవాళ్ళంతా. పోలీసులు లాఠీలు ఎత్తారు. తలలు పగిలాయి. లేచినవాడు లేడు.

అప్పుడు గుమాస్తా మెట్లమీదికొచ్చి గొంతెత్తాడు.

"ఒచోలా తల్లి నెరియా ఉందా?"

వ్యానులోంచి ఆమె పలికేలోపే నేలమీంచి తురుఫేనా పలికింది. నెత్తురు తుడుచుకుంటూ ఒగుటు పలికాడు. అబ్సాలోము పలికాడు. ఆడా మగా అంతా ఒకే మాట పలికారు.

"ఉన్నాం."

గుమాస్తా ఎవరి వంక చూడాలో తెలియక నిలబడిపోయాడు. ఆవరణంతా మళ్ళీ పలికింది.

"ఉన్నాం. కొడుతుంటే చూసినవాళ్ళం కూడా ఉన్నాం. రాసుకో."